కసాఫత్

రంజాన్ పండగ అయిపోయి నెల తిరగకముందే, ఒక రాత్రి ఆపా ఫోన్ చేసింది. పదకొండు దాటింది. ఆ టైంలో మా ఇళ్లల్లో ఫోన్ మోగితే ముందు గుండె జారుతుంది, తర్వాతే చెయ్యి లేస్తుంది.

"ఉన్ పే ఇల్జామ్ డాల్‌దియే రే" అంది. దుల్హా భాయ్ మీద నింద వేశారు. బండి బ్యాటరీలు ఆయనే ఖరాబు చేశాడట. కొత్త సెట్టు ఖర్చు జీతంలోంచి నెలనెలా కోస్తారట. ఇష్టం లేకపోతే నౌకరీ మానుకోమన్నారట.

దుల్హా భాయ్ ఇరవై ఏళ్లు ఆటో నడిపాడు. నడుము పోయింది. మూడేళ్ల కింద ఊరి బయట ఒక పెద్ద ఆస్పత్రి ఆవరణలో బ్యాటరీ గాడీ నడిపే పని దొరికింది. గేటు నుంచి వార్డుల దాకా ముసలివాళ్లని, కట్లు కట్టుకున్నవాళ్లని, నిండు నెలల ఆడవాళ్లని ఎక్కించుకుని తిప్పే పని. అసలు గోల్ఫ్ ఆడే దొరల కోసం పుట్టిన బండి అది. మన దగ్గర గోల్ఫ్ ఆడేవాళ్లు ఎందరు గానీ, రైల్వే ప్లాట్‌ఫారం మీద, జూపార్కులో, ఆస్పత్రుల్లో గరీబులు కూడా ఎక్కుతున్నారు. చప్పుడు లేదు, పొగ లేదు, గేర్లు లేవు. "నా నడుము మీద రహమ్ చేసి అల్లా పంపిన గుర్రం ఇది" అనేవాడు ఆయన.

ఆ గుర్రం మొండికేసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగే బండి మధ్యాహ్నానికే నీరసపడేది. ఒకరోజు ఆపరేషన్ వార్డు ముందున్న ఎత్తు మీద, ఒక పెద్దమ్మ కూర్చుని ఉండగానే ఆగిపోయింది. ఆమె కొడుకులు అరిచారు. సూపర్‌వైజర్ వచ్చాడు. "పది నెలల సెట్టు. ఎట్ల పోతది? నువ్వే ఏదో చేసినవ్" అన్నాడు. ఆరు బ్యాటరీలూ మార్చాలి, లక్షకు తక్కువ కాదు అన్నాడు. దుల్హా భాయ్ జీతం పద్నాలుగు వేలు.

మర్నాడు నేను వెళ్లి చేసిన మొదటి పని, సిగ్గుతో చెప్తున్నా, ఆయన్ని ప్రశ్నలడగడం. బండి ఇంకెవరికైనా ఇచ్చావా? ఎక్కువమందిని ఎక్కించావా? పైపుతో కడిగావా? ఇరవై ఏళ్ల పత్రికోద్యోగం నాకు నేర్పింది ప్రశ్నలు వేయడమే. ఆయన జవాబు చెప్తూ చెప్తూ ఆగి, "భాయ్, నువ్వు కూడా పోలీసోళ్ల లెక్కనే అడుగుతున్నవ్" అన్నాడు. ఆపా చాయ్ గ్లాసు నా ముందు గట్టిగా పెట్టింది.

అప్పుడు గుర్తొచ్చాడు మామూ.

మా అమ్మీ తమ్ముడు. లారీ బ్యాటరీల ఉస్తాద్. నల్లటి గట్టి రబ్బరు డబ్బాల్లో బ్యాటరీలు వచ్చే రోజుల్లో, పైనున్న తారు కరిగించి, చెడిన సెల్ ఒక్కటే బయటికి లాగి, కొత్త ప్లేట్లు వేసి మళ్లీ మూసేవాడు. దుకాణంలోనే కుంపటి పెట్టి సీసం కరిగించేవాడు. ఏ చొక్కా చూసినా చిల్లులే, తేజాబ్ చిల్లులు. "మీ మామూకి కొత్త బట్టలు కుట్టించడమంటే జల్లెడ కొనడమే" అనేది ముమానీ. ఇప్పుడు ఆయన చేతులు వణుకుతాయి. సీసం పొగ నరాలను తింటుందని డాక్టర్లు చెప్పేనాటికి ఆయన ఆ పొగలో ముప్పై ఏళ్లు కూర్చుని ఉన్నాడు.

విషయం విని మామూ ఒకే మాట అడిగాడు. "మీటర్ పెట్టి చూసిండ్రా?"

లేదన్నాను.

"హైడ్రోమీటర్?"

అదీ లేదు.

"మరి ఖరాబైందని ఎట్ల తెలిసింది వాళ్లకి? నబ్జ్ పట్టకుండనే మయ్యత్ అన్నరా?"

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వెళ్లాం. రాత్రి తొమ్మిదికి చార్జింగ్ పెట్టి, పొద్దున బండి కదపకుండా ఉంచమని మామూ ముందే చెప్పించాడు. ఆయన సామాను ఒక పాత స్కూల్ బ్యాగులో పట్టింది. మీటరు, గాజు హైడ్రోమీటరు, ఇన్సులేషన్ టేపు చుట్టిన పానా, తినే సోడా పొట్లం, పాత టూత్ బ్రష్షు. ముందు నా వేలి ఉంగరం తీయించాడు. రెండు టెర్మినళ్ల మధ్య ఉంగరం తగిలితే వేలు కాలిపోతుందట. షెడ్డు దగ్గర బీడీ తాగుతున్న వాచ్‌మన్‌ని దూరం పంపాడు. చార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు పేలడానికి.

సీటు ఎత్తితే కింద ఆరు బ్యాటరీలు. ఒక్కోటి 8 వోల్టులు, ఒకదాని వెనక ఒకటి కలిపితే 48. ఒక్కో బ్యాటరీలో నాలుగు సెల్స్. మొత్తం ఇరవై నాలుగు.

మామూ మొదట ఏదీ ముట్టుకోలేదు. కళ్లతోనే చూశాడు. డబ్బాలు ఉబ్బలేదు, పగుళ్లు లేవు. రెండు టెర్మినళ్ల మీద ఆకుపచ్చ, తెలుపు కలిసిన బూజు. ఒక నట్టు వేలితో తిప్పితే తిరిగింది. "ఇది ఒక దొంగ" అన్నాడు. వదులు నట్టు దగ్గర కరెంటు వేడిగా మారి పోతుంది. ఒక్కోసారి సీసం టెర్మినలే కరిగిపోతుంది.

తర్వాత మీటరు. మామూ చెయ్యి నిలవడం లేదు. ముళ్లు నన్ను పట్టుకోమన్నాడు. మొత్తం సెట్టుకి 48.4 వచ్చింది.

"నలభై ఎనిమిది బండికి నలభై ఎనిమిది ఉంది కదా మామూ?" అన్నాను.

"అదే కదా ధోకా" అన్నాడు. నిండా చార్జ్ అయి కొన్ని గంటలు రెస్టు తీసుకున్న సెట్టు దాదాపు 51 చూపించాలి. 48.4 అంటే సగం కడుపే. డబ్బా మీద రాసిన నంబర్‌కీ, నిజంగా ఉండాల్సిన నంబర్‌కీ మధ్య ఉన్న ఆ రెండున్నర వోల్టులే సగం బ్యాటరీ.

ఒక్కొక్కటీ చూశాం. అయిదు బ్యాటరీలు 8.1 దగ్గర. నాలుగోది 7.9. తర్వాత దానికి పొడుగు వైర్లు కట్టి, సీటు మూసి, నలుగురిని ఎక్కించుకుని ఆ ఎత్తు ఎక్కాం. బరువు మీద నాలుగోది 6 కిందికి పడిపోయింది. రెండోదానికి కట్టి మళ్లీ ఎక్కితే 7.8 దగ్గర నిలబడింది. ఖాళీగా కూర్చున్నప్పుడు రెండూ ఇంచుమించు ఒకటే. మోసినప్పుడే తేడా తెలిసింది.

ఆఖర్న హైడ్రోమీటరు. మూత తీసి, రబ్బరు బల్బు నొక్కి వదిలితే తేజాబ్ గాజులోకి వస్తుంది, లోపలి బొంగు తేలుతుంది. ఎంత పైకి తేలితే అంత చార్జ్. అన్నీ 1180 అటూ ఇటూ. నాలుగోదాంట్లో మూడు సెల్స్ 1150, ఒకటి 1060. సెల్‌కీ సెల్‌కీ మధ్య 50 పాయింట్లు దాటి తేడా ఉంటే అక్కడ జబ్బు ఉన్నట్టు.

ఆ బొంగు చూస్తుంటే నాకు తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. ఉర్దూ మీడియంలో గంధక్ కా తేజాబ్ అని చదివాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక గంధకికామ్లం అన్నారు. సాంద్రత అని తెలుగులో అన్నదాన్ని మా సైన్స్ మాస్టర్ సాబ్ కసాఫత్ అనేవారు. కసాఫత్‌కి మా ఇళ్లల్లో ఇంకో అర్థం ఉంది. మైల, మురికి. పరీక్షలో ఆ మాట రాసేటప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. ఆ రోజు షెడ్డులో రెండు అర్థాలూ ఒకేచోట కనిపించాయి. నాలుగోదాని తేజాబ్ చిక్కదనం తగ్గింది, రంగేమో బురదలా ఉంది.

"దుల్హే మియా, రాత్రి తొమ్మిదికి పెట్టినవ్ కదా. మరి ఇది సగమే ఎందుకుంది?"

దుల్హా భాయ్ మాట్లాడలేదు. లోపలికి వెళ్లి ఒక కాపీ తెచ్చి ఇచ్చాడు. పిల్లల నోట్‌బుక్కు. అందులో ఉర్దూలో, ఆటో నడిపినన్నాళ్లూ కిస్తీల లెక్క రాసుకున్న ఆ చేతిరాతతో, రోజువారీ హిసాబ్ ఉంది. ఎన్ని గంటలకు చార్జర్ పెట్టాడు, పొద్దున ఏం చూశాడు. మూడు నెలల కింద నుంచీ దాదాపు ప్రతి రోజూ ఒకటే మాట. సుబహ్ మెయిన్ బంద్ థా. పొద్దున వచ్చేసరికి మెయిన్ ఆపేసి ఉంది.

వాచ్‌మన్‌ని పిలిచాం. పక్క స్టోరు రూములో ఒకసారి షార్ట్ సర్క్యూట్ అయిందట. అప్పట్నుంచి రాత్రి పన్నెండుకి ఆ షెడ్డు మెయిన్ ఆపమని ఆర్డరట. అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా, మూడు గంటల చార్జింగ్. ఖాళీ అయిన సెట్టు నిండడానికి ఎనిమిది, పది గంటలు కావాలి.

"చెప్పలేదా ఎవరికీ?"

రెండుసార్లు చెప్పాడట. ఆ తారీఖులు కూడా కాపీలో ఉన్నాయి. జవాబు కూడా ఉంది. "మొబైల్ గంటలో నిండుతుంది, మూడు గంటలు చాలవా అన్నారు."

మామూ నేల మీద కూలబడ్డాడు. "గాడీ మరీ నై, మార్ దియే" అన్నాడు. బండి చావలేదు, చంపారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత చెప్తాను. బ్యాటరీ వాడినప్పుడు లోపలి సీసం ప్లేట్ల మీద తెల్లటి ఉప్పులాంటిది పేరుకుంటుంది. చార్జ్ చేస్తే అది కరిగి మళ్లీ తేజాబ్‌లోకి పోతుంది. నిండా చార్జ్ చేయకుండా రోజూ సగంలో ఆపితే మిగిలిన ఉప్పు గట్టిపడి రాయి అవుతుంది. దాన్నే సల్ఫేషన్ అంటారు. రాయి కట్టిన చోట ప్లేటు పని చేయదు. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రాన్స్ ఆయన ఈ సీసం బ్యాటరీ కనిపెట్టిన నాటి నుంచి దాని స్వభావం ఇదే. ఆకలితో పడుకోబెడితే ఓర్చుకోదు. మా ఎండలు ఇంకో ముసీబత్. 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకీ బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని లెక్క. రేకుల షెడ్డు, మే నెల.

ఇంత తెలిశాక నాకు హుషారొచ్చింది. ఈ కాపీ మేనేజర్ ముందు పెడితే చాలు. కానీ కాపీ ఉర్దూలో ఉంది. ఆయనకు రాదు. నేను తెలుగులో రాసిస్తానన్నాను.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని తర్జుమా మొదలుపెట్టాను. ఏప్రిల్ పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఆజ్ నల్కే కా పానీ డాలా. డబ్బా ఖతమ్. మజ్‌బూరీ."

ఈ రోజు కుళాయి నీళ్లు పోశాను. డబ్బా అయిపోయింది. గత్యంతరం లేదు.

డిస్టిల్డ్ వాటర్ డబ్బా అడిగినా రాలేదని అంతకుముందు పేజీలో ఉంది. అయినా పోసింది ఆయనే. అది బోరు నీళ్లు. మన బోరు నీళ్లల్లో సున్నం, ఇనుము ఎంతుంటాయో మన బకెట్ల అడుగు చూస్తే తెలుస్తుంది. బ్యాటరీలో అవి పోవు, అక్కడే ఉంటాయి. నాలుగోదాంట్లో బురద అదే అయి ఉండాలి.

ఆ ఒక్క లైను వదిలేస్తే? ఎవరికి తెలుస్తుంది? ఉర్దూ చదివేవాళ్లు అక్కడ లేరు. మిగతా తొంభై రోజులూ నిజమే కదా. పద్నాలుగు వేల జీతం, ఆపా మొహం, ఇద్దరు పిల్లల ఫీజులు కళ్ల ముందున్నాయి. జర్నలిస్టుని, ఏ లైను తీసేస్తే వార్త ఎటు తిరుగుతుందో నాకు బాగా తెలుసు. అర్ధగంట పెన్ను పట్టుకుని కూర్చుని, ఆఖరికి మామూకి ఫోన్ చేశాను.

"హైడ్రోమీటర్ ఏ సెల్‌నన్నా వదిలేసిందారా భాంజే?" అన్నాడు. "అన్ని సెల్స్ చూస్తేనే అది పరీక్ష. ఒకటి దాచితే వాళ్లకీ నీకూ ఫరక్ ఏముంది?"

దుల్హా భాయ్‌కి కూడా చెప్పాను. ఆయన ఆలోచించలేదు. "రాయి. దాచాలంటే కాపీలో నేనెందుకు రాస్తాను?" అన్నాడు.

అంతా రాశాను. పక్కన మా మీటరు లెక్కలన్నీ వేశాను. ఇద్దరం వెళ్లి మేనేజర్‌కి ఇచ్చాం. ఆయన చదువుతూ సరిగ్గా ఆ లైను దగ్గరే ఆగాడు. "కుళాయి నీళ్లు నువ్వే పోసినవా?" దుల్హా భాయ్ లేచి నిలబడి, "నేనే సార్" అన్నాడు. ఆయన కాసేపు దుల్హా భాయ్ మొహం చూశాడు. తర్వాత మళ్లీ మొదటి పేజీకి పోయి, ఈసారి నెమ్మదిగా చదివాడు. వాచ్‌మన్‌ని పిలిపించాడు. నా అనుకోలు ఏమిటంటే, తన మీద తాను గల్తీ రాసుకున్న మనిషి మిగతావీ నిజమే రాసి ఉంటాడని ఆయనకి అనిపించింది.

రాత్రి మెయిన్ ఆపడం బంద్ అయింది. ఎలక్ట్రీషియన్‌తో చార్జర్‌కి వేరే లైను వేయించారు. అక్కడ ఇంకో బండి పాడై మూలన ఉంది, దాని సెట్టు కూడా ఇదే వయసుది. మామూ దాంట్లోంచి పరీక్షించి ఒక మంచి బ్యాటరీ తీసి నాలుగోదాని స్థానంలో వేయించాడు. పాత సెట్టులో కొత్త బ్యాటరీ వేయకూడదట. ముసలి ఎద్దుల మధ్య కోడెను కట్టినట్టు, కొత్తది కూడా వాటితో పాటే తొందరగా పోతుంది. మూడు రాత్రులు వరసగా నిండా చార్జ్ చేసి, పైన ఇంకాస్త ఈక్వలైజింగ్ చార్జ్ ఇప్పించాడు. అయిదూ 1260 దాటాయి. తీసేసిన నాలుగోదాన్ని కూడా విడిగా చార్జ్ చేసి చూశాడు. ఆ చెడ్డ సెల్ మాత్రం 1110 దగ్గరే ఉండిపోయింది. "ఇప్పుడు చెప్పొచ్చు, ఇది పోయింది" అన్నాడు. ఆరు మార్చాలన్న చోట పోయింది ఒకటి.

కుళాయి నీళ్లకి దుల్హా భాయ్ జీతంలో రెండు వేలు కోశారు. ఆపా గొడవపడదామంది. ఆయన వద్దన్నాడు. "అది నా గల్తీ. అది జాయజ్" అన్నాడు. వేసిన నిందకి ఎవరూ మాఫీ అడగలేదు. ఆయనా ఎదురుచూడలేదు. నేను మాత్రం అడిగాను. పోలీసోడిలా ప్రశ్నించినందుకు. "ఛోడో భాయ్" అని చాయ్ తాగించాడు.

ఇలాంటి బండి నడిపేవాళ్లు, ఈ-రిక్షావాళ్లు, ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లు మీలో ఉంటారు. మామూ చెప్పినవి రాసి పెడుతున్నా. కొంచెం తిప్పినా ఆ రాత్రే చార్జ్ పెట్టాలి, దానంతట అది ఆగేదాకా మధ్యలో తీయకూడదు. సగం కంటే కిందికి దించకుండా వాడుకుంటే ఎక్కువ కాలం వస్తుంది. మరీ ఖాళీ అయితే చాలా ఆటోమేటిక్ చార్జర్లు బ్యాటరీని గుర్తించక అసలు మొదలే కావు, అప్పుడు చార్జర్ పాడైందనుకుంటారు. మూతలున్న బ్యాటరీలకి నెలకోసారి, ఎండాకాలం ఇంకా తరచుగా నీళ్లు చూడాలి. డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే, అదీ చార్జ్ అయ్యాకే పోయాలి. ముందే నిండా పోస్తే చార్జింగ్‌లో పొంగి తేజాబ్ బయటికొస్తుంది. ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంత పోసి చార్జ్ పెట్టాలి. తగ్గింది కదా అని తేజాబ్ ఎప్పుడూ కలపకూడదు. ఆవిరయ్యేది నీళ్లే. బూజు పడితే మూతలు బిగించి, తినే సోడా కలిపిన నీళ్లతో బ్రష్షు చేసి, తుడిచి వాజలిన్ రాయాలి. కళ్లకి అద్దాలు, చేతులకి గ్లవుజులు మర్చిపోవద్దు. టైర్లలో గాలి తక్కువున్నా, బ్రేకు పట్టుకుని ఉన్నా ఆ బరువు బ్యాటరీ మీదే పడుతుంది. బండి నెలలపాటు నిలిపేస్తే కూడా నెలకోసారి చార్జ్ చేయాలి. ఇప్పుడు లిథియంవి వస్తున్నాయి, వాటికి నీళ్ల బాధ లేదు, కానీ సీసం బ్యాటరీ చార్జర్ వాటికి పెట్టకూడదు.

అన్నిటికంటే ముందు, కాపీ. తారీఖు వేసి రాసి పెట్టుకోండి. ఏ భాషలోనైనా సరే.

మామూ తన హైడ్రోమీటరు దుల్హా భాయ్‌కి ఇచ్చేశాడు. "నా చేతిలో గాజు ఎక్కువ రోజులు నిలవదు" అన్నాడు నవ్వుతూ. మేమెవ్వరం నవ్వలేదు. నెలకో ఆదివారం దుల్హా భాయ్ ఇరవై నాలుగు సెల్స్ చూసి కాపీలో రాసి, ఆ పేజీ ఫోటో నాకు పంపుతాడు. నేను దాన్ని తెలుగులో రాసి మేనేజర్‌కి పంపుతాను. మొన్నటి పేజీలో కిందినుంచి రెండో లైను, "కసాఫత్ సబ్ కీ ఠీక్" అని ఉంది. సాంద్రత అన్నిటిదీ సరిగ్గా ఉంది అని తర్జుమా చేశాను. ఇంకో అర్థం ఉందని ఆయనకి చెప్పలేదు.